సింగపూర్ – న్యూయార్క్: చూసిన ప్రతిచోటా ఒక్కో లెక్క, అసలు ఎన్ని గంటల ప్రయాణం?

#1 కిటికీసీటు
సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా వెళ్లే విమానం గురించి మూడు చోట్ల చూశాను, మూడు జవాబులు వచ్చాయి. ఒక కాలిక్యులేటర్ 15,349 కి.మీ., 17 గంటల 33 నిమిషాలు అంటోంది. ఇంకోటి 8,288 మైళ్లు అంటోంది. దాన్ని 1.609తో గుణిస్తే 13,335 కి.మీ. వచ్చింది, అంటే రెండు వేల కి.మీ. ఎక్కడో గల్లంతు. ఇక చలికాలం టైం టేబుల్ చూస్తే వెళ్లేటప్పుడు 02:25కి బయలుదేరి 07:30కి దిగుతుందట, ఐదు గంటలే! వచ్చేటప్పుడు 22:30కి బయలుదేరి 06:10కి దిగుతుందట, పక్కన +2 అని ఉంది. 15,349ని 900తో భాగిస్తే 17 గంటల చిల్లర రావాలి, రెండు వైపులా ఒకటే ఉండాలి కదా. ఏది నమ్మాలి?

#2 లెక్కలమాస్టారు
గల్లంతైన రెండు వేల కి.మీ. దొరికాయి. ఆ 8,288 నాటికల్ మైళ్లు. 1.609తో కాదు, 1.852తో గుణించండి, 15,349 వస్తుంది. మామూలు మైళ్లలో అయితే 9,537. పైలట్లు, విమానపు పుస్తకాలు వాడేది నాటికల్ మైలు. ఎయిర్‌లైన్ పాయింట్ల పథకాల్లో కనిపించేది మామూలు మైలు. ఏ మైలో రాయని సైటు లెక్క వదిలేయండి.

#3 ఎర్రకళ్లు
ఐదు గంటల్లో న్యూయార్క్! ఆ విమానం నాకూ ఒక టికెట్ చెప్పండి :)

టైం టేబుల్లో రెండు సమయాలూ ఏ ఊరివి ఆ ఊరివే. నేరుగా తీసేస్తే ఇలాగే ఉంటుంది. రెండింటినీ ముందు యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా ఉండే ప్రామాణిక సమయంలోకి, మార్చాలి.

వెళ్లేటప్పుడు: సింగపూర్ యూటీసీ+8. సోమవారం 02:25 అంటే యూటీసీలో ఆదివారం 18:25. న్యూయార్క్ చలికాలంలో యూటీసీ−5. సోమవారం 07:30 అంటే యూటీసీ 12:30. తేడా 18 గంటల 5 నిమిషాలు.

వచ్చేటప్పుడు: సోమవారం 22:30 అంటే యూటీసీలో మంగళవారం 03:30. దిగేది బుధవారం 06:10, అంటే యూటీసీలో మంగళవారం 22:10. తేడా 18 గంటల 40 నిమిషాలు.

+2 అంటే బయలుదేరిన తేదీకి రెండు రోజులు కలపమని. మంగళవారం మొత్తం గాల్లోనే ఆవిరి.

#4 కిటికీసీటు
#2, #3 అర్థమయ్యాయి. మరి వెళ్లడానికీ రావడానికీ 35 నిమిషాల తేడా ఎందుకు? కాలిక్యులేటర్ చెప్పిన 17:33 ఎక్కడ, ఈ 18:05 ఎక్కడ?

#5 సందేహాలపుట్ట
భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా. పడమరకి వెళ్తే గమ్యమే మనకి ఎదురొస్తుంది, తూర్పుకి వెళ్తే దూరం జరుగుతుంది. తేడా అక్కడే.

#6 లెక్కలమాస్టారు
@సందేహాలపుట్ట, అదే నిజమైతే లండన్ నుంచి న్యూయార్క్‌కి వెళ్లడమే తేలిక కావాలి. జరిగేది తలకిందులు. న్యూయార్క్ నుంచి తూర్పుకి లండన్ వచ్చే విమానానికే గంటకి దగ్గరగా తక్కువ పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి 1,670 కి.మీ. వేగంతో తిరుగుతోంది, నిజమే. కానీ గాలీ దాంతోపాటే తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతోంది. కదిలే రైల్లో బంతి పైకెగరేస్తే చేతిలోకే పడుతుంది, వెనక పెట్టెలోకి పోదు కదా.

#7 సందేహాలపుట్ట
సరే, రైలు పోలికకి లొంగిపోయాను. మరి తేడా ఎవరి పని?

#8 గాలిలెక్క
జెట్ స్ట్రీమ్ పని. మధ్య అక్షాంశాల మీద, 9 నుంచి 12 కి.మీ. ఎత్తున, పడమర నుంచి తూర్పుకి పారే సన్నటి గాలి నది అది. సరిగ్గా విమానాలు ఎగిరే ఎత్తే. చలికాలంలో బలం ఎక్కువ. గంటకి 200 కి.మీ. దాటడం మామూలే, ఒక్కోసారి 400 కూడా.

విమానం వేగం గాలితో పోల్చి ఉంటుంది, నేలతో కాదు. ఎ350, 787 లాంటివి మాక్ 0.85 దగ్గర పోతాయి. ఆ ఎత్తులో ఉష్ణోగ్రత −56.5 డిగ్రీలు ఉంటే ధ్వని వేగం గంటకి 1,062 కి.మీ., అందులో 0.85 వంతు 903. మీరు వాడిన 900 అక్కడి నుంచే వచ్చింది. నేల మీద వేగం కావాలంటే దానికి వెనక గాలి కలపాలి, ఎదురుగాలి అయితే తీసేయాలి.

2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీద వేగం గంటకి 1,300 కి.మీ. దాటింది. అంతమాత్రాన ధ్వని వేగం దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది మామూలు వేగమే. ఆ ఏడాది వార్తల్లో చాలామంది ఇక్కడే బోల్తా పడ్డారు.

#9 చవకటికెట్
వెళ్లేటప్పుడు కలిసొచ్చింది, వచ్చేటప్పుడు పోయింది. రెండూ కలిపితే చెల్లుకి చెల్లు కదా?

#10 లెక్కలమాస్టారు
చెల్లదు. లండన్–న్యూయార్క్ 5,540 కి.మీ. అనుకుందాం, విమానం వేగం 900, గాలి 100.

గాలి తోడుంటే 5,540 ÷ 1,000 = 5 గంటల 32 నిమిషాలు.
ఎదురైతే 5,540 ÷ 800 = 6 గంటల 55 నిమిషాలు.
మొత్తం 12 గంటల 27 నిమిషాలు.
అసలు గాలే లేకపోతే రానూపోనూ 12 గంటల 19 నిమిషాలు.

అంటే గాలి ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగి తీసుకోవడమే కాదు, పైన వడ్డీ కూడా గుంజుతుంది. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనక గాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకు.

#11 ఎర్రకళ్లు
వడ్డీ 8, 9 నిమిషాలేగా మాస్టారూ, వదిలేయండి పాపం.

#12 పటాలపిచ్చి
@కిటికీసీటు, మీ ఊళ్ల జతకి ఒక వింత ఉంది. సింగపూర్ విమానాశ్రయం 104 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, న్యూయార్క్ విమానాశ్రయం జేఎఫ్‌కే దాదాపు 74 డిగ్రీల పడమర. మధ్య తేడా 178 డిగ్రీలు, అంటే గ్లోబుకి దాదాపు అటూ ఇటూ. కాబట్టి అతి దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్క నుంచే పోతుంది. గోడ మీద పటం చూసి ఎవరూ ఊహించలేరు.

అందుకే దీనికి సైన్, కొసైన్ సూత్రాలేవీ అక్కర్లేదు. కాగితం ముక్క చాలు. సింగపూర్ నుంచి ధ్రువం దాకా 90 − 1.36 = 88.64 డిగ్రీలు. ధ్రువం నుంచి జేఎఫ్‌కే దాకా 90 − 40.64 = 49.36. కలిపితే 138. ఒక్కో డిగ్రీకి 111.195 కి.మీ. వేస్తే 15,345. సైటు చెప్పిన 15,349కి నాలుగు కి.మీ. తేడా, అంతే.

#13 లెక్కలమాస్టారు
బాగుంది. ఆ నాలుగు కూడా తేల్చేద్దాం. సరిగ్గా ధ్రువం మీదుగా కాకుండా దానికి 280 కి.మీ. పక్కగా పోతే 6 కి.మీ. మిగులుతాయి, గోళం లెక్కలో 15,339 వస్తుంది. కానీ భూమి సరైన గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కి.మీ., ధ్రువం దగ్గర 6,357. ఆ నొక్కుడు కూడా లెక్కలోకి తీసుకుంటే 15,349. గోళం అనుకుని లెక్కేసే సైట్లు, నొక్కుడు కలిపే సైట్లు ఎప్పుడూ అరశాతం లోపు తేడా చూపిస్తాయి. లండన్–న్యూయార్క్‌కి అది సుమారు 15 కి.మీ. దాని మీద జుట్టు పీక్కోనక్కర్లేదు.

మామూలు ఊళ్ల జతకి పటాలపిచ్చి గారి కిటుకు పనిచేయదు, హేవర్‌సైన్ సూత్రం వాడాలి. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ కట్టి వర్గం చేయండి. రేఖాంశాల తేడాలో సగానికీ అలాగే చేసి, దాన్ని రెండు అక్షాంశాల కొసైన్లతో గుణించండి. రెండూ కలిపి వర్గమూలం తీసి, ఆర్క్‌సైన్ కట్టి, 2 × 6,371తో గుణించండి. స్ప్రెడ్‌షీట్‌లో వేసేవాళ్లు డిగ్రీలని రేడియన్లలోకి మార్చడం మరచిపోతారు. లండన్–న్యూయార్క్ వేసి చూడండి, 5,540కి దగ్గరగా రాకపోతే తప్పు అక్కడే.

#14 చవకటికెట్
విమానాలు నిజంగా ధ్రువం పక్కనుంచే పోతాయా మరి?

#15 గాలిలెక్క
పోవచ్చు, కానీ ఈ జతకి సాధారణంగా పోవు. అసలు కథ ఇక్కడుంది, కాస్త పొడుగవుతుంది.

విమానానికి దారి గీసేవాళ్లు చూసేది నేల మీద దూరం కాదు, గాల్లో గడిపే సమయం. ఊరికే ఒక లెక్క వేసి చూడండి. ధ్రువం దారి 15,349 కి.మీ., అందులో సగటున 40 కి.మీ. ఎదురుగాలి ఉందనుకుందాం. 15,349 ÷ 860 = 17 గంటల 51 నిమిషాలు. పసిఫిక్ మీదుగా చుట్టూ తిరిగితే 16,500 కి.మీ., సగటున 80 వెనక గాలి. 16,500 ÷ 980 = 16 గంటల 50 నిమిషాలు. పదకొండు వందల కి.మీ. ఎక్కువ ఎగిరినా గంట ముందే దిగుతాం. ఇంధనమూ తక్కువే.

అందుకే సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి మామూలుగా పసిఫిక్ మీదుగా తూర్పుకి పోతారు, జపాన్ పక్కనుంచి జెట్ స్ట్రీమ్ ఎక్కి. తిరుగు ప్రయాణానికి అదే దారి పట్టుకుంటే అదే గాలి ముఖాన కొడుతుంది. కాబట్టి ఆ రోజు గాలిని బట్టి అట్లాంటిక్, యూరప్ మీదుగా కూడా వస్తారు. అంటే మళ్లీ తూర్పుకే.

#16 కిటికీసీటు
ఆగండి ఆగండి. వెళ్లేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకేనా? అంటే రానూపోనూ టికెట్ కొంటే భూప్రదక్షిణ అయిపోతుందా?

#17 పటాలపిచ్చి
అట్లాంటిక్ దారి పడిన రోజున అయిపోతుంది. వినాయకుడిలా తల్లిదండ్రుల చుట్టూ తిరిగితే సరిపోయేదానికి 18 గంటలు కూర్చుంటున్నారు.

#18 సందేహాలపుట్ట
పసిఫిక్ మీదుగా పోతే తేదీ రేఖ దాటుతాం, అట్లాంటిక్ మీదుగా పోతే దాటం. అప్పుడు #3 లెక్క మారదా?

#19 ఎర్రకళ్లు
మారదు. యూటీసీకి దారితో పని లేదు. బయలుదేరిన క్షణం, దిగిన క్షణం, అంతే. తేదీ రేఖని విడిగా ఎప్పుడూ కలపొద్దు. యూటీసీలోకి మార్చడంలోనే అది కలిసిపోయింది. రెండోసారి కలిపి 24 గంటలు తేడా తెచ్చుకునేవాళ్లు బోలెడుమంది.

నిజంగా దెబ్బతీసేవి వేరే ఉన్నాయి.

ఒకటి, 02:25. సోమవారం 02:25 విమానానికి విమానాశ్రయంలో ఉండాల్సింది ఆదివారం రాత్రి. సోమవారం రాత్రి వెళ్తే విమానం అప్పటికే న్యూయార్క్‌లో దిగి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక బయలుదేరే ప్రతి విమానానికీ ఈ గొడవే.

రెండు, వేసవి గడియారం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. సింగపూర్‌లో ఆ పద్ధతి లేదు. కాబట్టి రెండు ఊళ్ల మధ్య తేడా చలికాలంలో 13 గంటలు, వేసవిలో 12. యూరప్‌లో ఆగితే ఇంకో చిక్కు. అక్కడ మార్చేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం. మధ్యలో వచ్చే ఆ కొన్ని వారాలు లండన్–న్యూయార్క్ తేడా 5 గంటలు కాదు, 4. ఆ రోజుల్లో పాత స్క్రీన్‌షాట్ చూసుకుని బయలుదేరకండి.

#20 కిటికీసీటు
బాగా పనికొచ్చేవి చెప్పారు. కాలిక్యులేటర్ 17:33 సంగతి మిగిలింది.

#21 గాలిలెక్క
కాలిక్యులేటర్ చేసే పని చాలా చిన్నది. గ్రేట్ సర్కిల్ దూరాన్ని, అంటే గ్లోబు మీద అతి దగ్గర దారి పొడవుని, ఒక స్థిరమైన వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలుపుతుంది. 15,349 ÷ 900 = 17:03, అరగంట కలిపితే 17:33. గాలి తెలియదు, దారి తెలియదు, నెల తెలియదు.

టికెట్ మీద ఉండేది బ్లాక్ టైం. గేటు దగ్గర చక్రాల కింద చెక్కలు తీసినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర మళ్లీ పెట్టేదాకా. అందులో రన్‌వే దాకా నడక, వరుసలో నిలబడడం, దిగాక గేటు దాకా నడక అన్నీ ఉంటాయి. రద్దీ విమానాశ్రయాల్లో ఒక్క బయలుదేరే వైపే 20, 30 నిమిషాలు పోతాయి. పైగా సమయానికి చేరామనిపించుకోవడానికి ఎయిర్‌లైన్లు ఇంకాస్త కలుపుకుంటాయి. 'అరగంట ముందే దిగుతున్నాం' అని వినిపిస్తే సగంసార్లు అది ఈ కలుపుకున్న సమయమే.

సుమారు లెక్క కావాలంటే దూర ప్రయాణానికి కి.మీ.ని 850తో భాగించి అరగంట కలపండి. 15,349కి 18:33 వస్తుంది. మీ రెండు టైం టేబుల్ సమయాల మధ్యలోనే పడింది చూడండి. చిన్న దూరాలకి మాత్రం ఈ సూత్రం వాడొద్దు, 500 కి.మీ. ప్రయాణంలో ఎక్కడం దిగడమే సగం.

#22 లెక్కలమాస్టారు
850 సూత్రం ఒప్పుకోను. తూర్పు పడమరలుగా పోయే దారులకి ఒకే సంఖ్య ఇవ్వడం మోసం. తూర్పుకి 900, పడమరకి 800 వేయాలి. ఉత్తరం దక్షిణంగా పోయేవాటికి 850 సరే.

#23 గాలిలెక్క
@లెక్కలమాస్టారు, మధ్య అక్షాంశాల్లో మీ మాటే సరి. కానీ భూమధ్యరేఖ దగ్గర తిరిగేవాటికి జెట్ స్ట్రీమ్ తగలదు, అక్కడ 800 అంటే మరీ తక్కువ. నేను సుమారు అనే అన్నాను.

#24 పటాలపిచ్చి
మూసేసిన ఆకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. హెల్సింకి–టోక్యో గ్రేట్ సర్కిల్ దూరం సుమారు 7,800 కి.మీ. 2022 ఫిబ్రవరి దాకా రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వచ్చేవాళ్లు. రష్యా తన ఆకాశాన్ని మూసేశాక అదే ప్రయాణం 13 గంటలకి పెరిగింది. ఊళ్లు కదలలేదు, కాలిక్యులేటర్ ఇప్పటికీ పాత జవాబే ఇస్తుంది.

#25 చవకటికెట్
ఇంత దూరం ఆగకుండా పోవడం దేనికని నా అనుమానం. మధ్యలో ఆగి పోయే దారులు లెక్కేశాను. సింగపూర్–టోక్యో (నరిటా) 5,360, అక్కడి నుంచి జేఎఫ్‌కే 10,830, మొత్తం 16,190. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 10,280 + 6,190 = 16,470. అంటే టోక్యోలో ఆగినా 840 కి.మీ.ల అదనమే, గంట కూడా కాదు.

#26 ఎర్రకళ్లు
దూరం గంటే, ఆగడం గంట కాదు. దిగడం, గేటు దాకా నడక, మళ్లీ తనిఖీ, మళ్లీ ఎక్కడం, మళ్లీ రన్‌వే వరుస. అన్నీ చక్కగా కుదిరినా మొత్తం మీద మూడు గంటలు కలపాలి. తర్వాతి విమానం దిగిన నాలుగు గంటల తర్వాత ఉంటే ఆరు.

ఆగి పోయేవాళ్లు చూసుకోవాల్సినవి: రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఒకే టికెట్ అయితే ఎయిర్‌లైనే ఇంకో విమానంలో సర్దుతుంది. వేరు వేరు టికెట్లయితే రెండో టికెట్ గాలికి పోయినట్టే. ప్రతి విమానాశ్రయానికీ కనీస మార్పు సమయం అని ఒకటి ఉంటుంది, టికెట్ అమ్మే కంప్యూటర్ దాని లోపు ఇవ్వదు. కానీ అది కనీసం మాత్రమే, టెర్మినల్ మారాల్సి వస్తే రెట్టింపు పెట్టుకోండి. ఆగేది అమెరికాలోనే ఇంకో ఊళ్లో అయితే మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, సాధారణంగా సామాను కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. రెండు గంటల లోపు మార్పు పెట్టుకోకండి.

#27 గాలిలెక్క
@చవకటికెట్ ప్రశ్నలో న్యాయం ఉంది, సమయం వైపు నుంచి కాదు, బరువు వైపు నుంచి. అదనంగా మోసే ప్రతి టన్నుకీ గంటకి సుమారు 3, 4 శాతం ఇంధనం అది మోయడానికే ఖర్చవుతుంది. 18వ గంటలో కాల్చే ఇంధనాన్ని 17 గంటలు మోసుకుపోవాలి కదా. ఆగి నింపుకుంటే ఆ మోత తప్పుతుంది.

ఈ దారిలో తిరిగే ఎ350-900యూఎల్‌ఆర్ ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది, మామూలు 900 కన్నా 24,000 ఎక్కువ. లీటరుకి 0.8 కిలోలు వేసుకుంటే 132 టన్నులు. విమానం పైకి లేచేటప్పుడు ఉండదగ్గ గరిష్ఠ బరువు 280 టన్నులు. అంటే ట్యాంకులు నిండితే దాదాపు సగం బరువు ఇంధనమే! అందుకే సీట్లు 161 మాత్రమే, 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ లేనే లేదు.

ఇంధనం చివరి చుక్క దాకా లెక్కేసి పోరు కూడా. దారికి సరిపోయేది, దాని మీద ఊహించనివాటికి సుమారు 5 శాతం, దిగాల్సిన చోట కుదరకపోతే ఇంకో విమానాశ్రయానికి వెళ్లడానికి, ఇవన్నీ అయ్యాక 1,500 అడుగుల ఎత్తున అరగంట తిరగడానికి. ఎదురుగాలి మరీ ఎక్కువున్న రోజున దారి మారుస్తారు, లేదా సరుకు తగ్గిస్తారు.

#28 సందేహాలపుట్ట
ఆలస్యమైతే కాస్త గట్టిగా తొక్కి పోనివ్వచ్చు కదా, బస్సు డ్రైవర్లలాగా.

#29 గాలిలెక్క
ఎ350 గరిష్ఠ పరిమితి మాక్ 0.89. మామూలుగా పోయేదే 0.85. మిగిలిన కాస్త కూడా వాడితే రాపిడి బాగా పెరిగి ఇంధనం తాగేస్తుంది. మాక్ 0.01 పెంచితే 17 గంటల ప్రయాణంలో కలిసొచ్చేది సుమారు 12 నిమిషాలు. దానికి బదులు గాలి బాగున్న ఎత్తు వెతుక్కోవడం మేలు. ఎలాగూ ఇంధనం ఖర్చయి తేలికయ్యేకొద్దీ మెట్లు మెట్లుగా పైకి ఎక్కుతుంది, 31,000 అడుగులతో మొదలై 39,000 దాకా. మొదటే అంత ఎత్తుకి పొమ్మంటే బరువు వల్ల పోలేదు.

#30 లెక్కలమాస్టారు
ఎంతదాకా సాగదీయొచ్చో 2019లో చూశాం. పరీక్షగా 787-9లో కొద్దిమందినే ఎక్కించుకుని న్యూయార్క్ నుంచి సిడ్నీకి 19 గంటల 16 నిమిషాలు, లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాలు ఆగకుండా ఎగిరారు. భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరం 20,000 కి.మీ. చిల్లరకి మించదు. ఆ పైన పోదామన్నా భూమి లేదు.

#31 చవకటికెట్
ఇంకో సంగతి, న్యూయార్క్ అని కొడితే కొన్ని సైట్లు నెవార్క్ చూపిస్తున్నాయి. దూరం 15,344 అని.

#32 ఎర్రకళ్లు
ఊరి కోడ్‌కీ విమానాశ్రయం కోడ్‌కీ తేడా. ఎన్‌వైసీ అని కొడితే జేఎఫ్‌కే, నెవార్క్, లాగార్డియా మూడూ వస్తాయి. ఆకాశంలో సింగపూర్ నుంచి తేడా 5 కి.మీ.లే, కానీ జేఎఫ్‌కే, నెవార్క్ మధ్య నేరుగా కొలిస్తేనే 33 కి.మీ., మధ్యలో ఊరంతా ఉంది. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కేలా ఉన్న టికెట్ కొనేముందు రెండుసార్లు ఆలోచించండి.

#33 పటాలపిచ్చి
@కిటికీసీటు, అసలు ఎన్ని గంటలు పడుతోందో చూడాలంటే విమానం నంబరుతో ట్రాకింగ్ సైటులో గత పది పదిహేను రోజులవి తీయండి. అన్నింటికన్నా తక్కువ పట్టిన రోజు కాదు, వరుసలో పెట్టి మధ్యది తీసుకోండి. ఆ సైట్లలో సమయం గేటుదో, నేల వదిలిందో చూసుకోండి, రెండూ కలిపేస్తే అరగంట తేడా వస్తుంది. జనవరి ప్రయాణానికి జూలై లెక్క చూడొద్దు.

#34 కిటికీసీటు
పన్నెండు రోజులవి తీశాను. నేల వదిలి నేల తాకేదాకా వెళ్లేటప్పుడు 17 గంటల చిల్లర, వచ్చేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. దారి ఏ రెండు రోజులూ ఒకేలా లేదు! ఆదివారం రాత్రికే క్యాబ్ చెప్పుకుంటాను. చివరగా ఒక్కటి, వెళ్లేటప్పుడు కిటికీ ఎటు వైపు తీసుకోవాలి?

#35 పటాలపిచ్చి
పసిఫిక్ దారి అనుకుంటే ఎడమ వైపు. తూర్పుకి పోతుంటే ఎడమ అంటే ఉత్తరం, ఎండ కళ్లలో పడదు. కుడి వైపు కూర్చుంటే పగలంతా తెర దించుకోవాలి. సూర్యుడికి ఎదురెళ్తారు కాబట్టి పగలు తొందరగా వచ్చి తొందరగా పోతుంది, దిగేలోపు ఇంకో రాత్రి ఉంటుంది. అలాస్కా, కెనడా వైపు ఎక్కువ ఉత్తరంగా పోయిన రోజున ఆకాశం తేటగా ఉంటే ఆ రాత్రి ఎడమ కిటికీలోంచి ధ్రువకాంతులు కనిపించే అవకాశం ఉంది. సీట్ల పటం చూసి రెక్క మీద పడకుండా తీసుకోండి.

#36 ఎర్రకళ్లు
పక్కసీటు వాళ్లు నిద్రపోతుంటే లేపకుండా బయటికి రావడం ఎలాగో కూడా ప్రాక్టీసు చేసుకోండి. 18 గంటలు మరి.